నీడలో పెట్టిన ఐసు

ఉమ్మ్ హైసమ్ పొద్దున్నే నారింజపళ్ళ తొక్క తీయడం మొదలుపెట్టింది. లోపలి తెల్ల పొర తగలకుండా, పైపైన రంగు మాత్రమే వచ్చేలా చాకుతో మెల్లగా తీస్తోంది. తెల్ల పొర పడితే చేదెక్కుతుందని కొడుకు చెప్పేవాడు. "కాఫీయే చేదు కదరా, అందులో ఇంకో చేదుకి భయమేమిటి?" అని అప్పట్లో ఆవిడ ఎగతాళి చేసేది.

తోడికోడలు నౌఫా వంటింటి గుమ్మంలోకి వచ్చి అలాగే నిలబడిపోయింది.

"ఇదేంటే తల్లీ! ఇవాళా? అవతల రాజీకి పెద్దమనుషులు వస్తుంటే తియ్య కాఫీ కలుపుతున్నావా? చూసినవాళ్ళు మొహాన ఉమ్మేస్తారు."

"ఉమ్మనీ అక్కా. మొహం కడుక్కోవడం నాకు వచ్చు."

నౌఫా మాటలో తప్పు లేదు. సల్ట్ ఊళ్ళో చావు జరిగిన ఇంట కాఫీ అంటే ఒకటే కాఫీ. వేడిగా, చక్కెర లేకుండా, రెండు గుక్కలు. అందులోనూ ఇవాళ్టి కాఫీ మరీ పెద్దది. ఆవిడ కొడుకుని కారుతో గుద్దినవాడి వంశం వాళ్ళు క్షమాపణ అడగడానికి వస్తున్నారు. వాళ్ళ పెద్ద మొదటి కప్పు అందుకుని, తాగకుండా ముందు పెట్టుకుంటాడు. ఈ ఇంటి పెద్ద "మీ కాఫీ తాగండి" అంటే క్షమించినట్టు. ఫిర్యాదు వెనక్కి పోతుంది, కుర్రాడు జైల్లోంచి బయటికొస్తాడు. అనకపోతే కప్పు అక్కడే వదిలి లేచిపోతారు, పగ మిగులుతుంది.

పైకి అలా ఉంటుంది గానీ, లోపాయికారీగా అంతా ఎప్పుడో తేలిపోయింది. ఆవిడ బావగారు అబూ తలాల్ మాట ఇచ్చేశాడు. అడగవలసిన మనిషిని మాత్రం ఒక్కరూ అడగలేదు. మొగుడు ఎప్పుడో పోయాడు, ఉన్న ఒక్క కొడుకూ పోయాడు. ఇక ఆవిడ నోట్లో మాటకి విలువేముంది? అయినా ఊరంతా ఇప్పటికీ ఆవిడని కొడుకు పేరుతోనే, హైసమ్ తల్లి అనే పిలుస్తోంది.

హైసమ్ ఒక కాఫీ దుకాణంలో పని చేసేవాడు. శుక్రవారం సెలవైతే ఇంట్లో తన ప్రయోగాలు తల్లి మీద చేసేవాడు. అన్నిట్లోకీ వాడికి ముద్దొచ్చింది ఈ నారింజ కాఫీ. ఎన్నిసార్లు చేసినా ఆవిడ ఒక గుక్క తాగి, మొహం చిట్లించి గ్లాసు వాడి చేతికే ఇచ్చేసేది.

"నువ్వు ఏదో ఒకరోజు ఈ గ్లాసు ఖాళీ చేస్తావే అమ్మా. ఆ రోజు ఊరంతా మిఠాయి పంచుతా."

ఆ శుక్రవారం ఎండ నిప్పులు చెరుగుతోంది. కాఫీ సిద్ధం, పాకం సిద్ధం. ఫ్రీజర్ తీస్తే ఐసు లేదు. ఆ వారమే లోయలోంచి ములూఖియా ఆకుకూర కట్టలు వచ్చాయి. ఆవిడ ఆకు గిల్లి, కడిగి, ఆరబెట్టి, పొట్లాలు కట్టి ఫ్రీజర్ నిండా కుక్కింది. ఐసు ట్రేలు తీసి గట్టు మీద పడేసింది. ఏడాదికి సరిపడా ములూఖియా దాచుకోని ఇల్లాలిని సల్ట్‌లో ఇల్లాలే అనరు మరి.

"అమ్మా, ఈ ఇంట్లో ఆకుకున్న చోటు నాకు లేదే!" అని నవ్వుకుంటూ వాడు మెట్లు దిగి వెళ్ళాడు. నమాజుకి దుకాణాలు మూసేలోగా ఐసు సంచి తెచ్చేస్తానన్నాడు. తిరిగి వస్తుంటే, మగవాళ్ళంతా మసీదులో ఉన్న ఆ ఖాళీ వీధిలో, వాలు మీంచి దిగుతున్న కారు వాణ్ణి గోడకేసి కొట్టింది.

నమాజు ముగించుకుని వచ్చినవాళ్ళు చూసేసరికి ప్రాణం లేదు. గుద్దినవాడు, ఉదై అనే కుర్రాడు, సాయంత్రానికి పోలీసుల దగ్గరికి తనే వెళ్ళాడు. బ్రేకు పడలేదనీ, భయంతో కారు ఆపకుండా పోయాననీ చెప్పాడు. దెబ్బ తగలగానే పోయాడని డాక్టరు రాశాడు. అందరికీ అదే బాగుంది, బాధ పడకుండా పోయాడని చెప్పుకోవచ్చు.

కానీ వాళ్ళ కేకలకి బయటికొచ్చిన పక్కింటావిడ ఒక మాట అంది. ఐసు సంచి వాడి పక్కన లేదట. రోడ్డుకి అవతల, గోడ నీడలో, ముడి విప్పకుండా నిలబెట్టి ఉందట. "విసిరేసినట్టు లేదమ్మా, ఎవరో పెట్టినట్టుంది."

ఆ మాట ఉమ్మ్ హైసమ్ బుర్రని పురుగులా తొలుస్తోంది. ఐసుకి కాళ్ళుండవు కదా. ఎవరో ఒకరు తీసి నీడలో పెట్టాలి. పెట్టమని ఎవరో ఒకరు అడగాలి. అంటే వాడు మాట్లాడాడు. ఎవరితో? ఏమన్నాడు? ఆవిడకి ఇంకేం అక్కర్లేదు, ఈ ఒక్కటీ తెలియాలి. పోలీసులకి చెబితే గోడకి చెప్పుకున్నట్టే అయింది. బావగారికి చెబితే, "పోయినవాడు పోయాడు, ఐసు గొడవ ఎందుకమ్మా" అన్నాడు. ఇవాళ రాజీ కుదిరిపోతే ఇక ఆ సంగతి ఎత్తడానికే లేదు. ఎత్తితే మాట తప్పినట్టు.

రాత్రి నుంచీ చన్నీళ్ళలో నానిన కాఫీ పొడిని గుడ్డలో వడకట్టింది. తొక్కలూ యాలకులూ వేసి కాచిన పాకం చల్లారాక గ్లాసులో పోసి, పళ్ళ రసం పిండింది. ఫ్రీజర్ తీసింది. ఇప్పుడు అందులో ఆకు లేదు, అన్నీ ఐసు ట్రేలే. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. గ్లాసు నిండా ఐసు వేసి, చివర్న కాఫీని చెంచా మీంచి మెల్లగా జార్చింది. వాడు చేసినట్టే కింద నారింజ రంగు, పైన నలుపు నిలిచాయి.

హాల్లో వచ్చినవాళ్ళ పెద్ద హాజ్ మిస్లెహ్ ప్రసంగం ముగిస్తున్నాడు. విధి, దైవేచ్ఛ, పెద్దమనసు... ఆయన నోటికి ఆకాశమే హద్దు. ముందు కప్పు పెట్టుకుని ఉన్నాడు. వెనక వరసలో ఉదై తండ్రి జమీల్ తలవంచుకుని కూర్చున్నాడు. అబూ తలాల్ గొంతు సవరించుకున్నాడు.

ఆ మాట పైకి వచ్చేలోగా గ్లాసు పట్టుకుని ఆవిడ లోపలికి వెళ్ళింది. మగవాళ్ళంతా కళ్ళు దించేశారు.

"ఉమ్మ్ హైసమ్! లోపలికి వెళ్ళమ్మా," అన్నాడు అబూ తలాల్.

"వెళ్తాను బావగారూ. ఒక్క మాట అడిగి వెళ్తాను. ఆ కప్పు ఎక్కడికీ పోదు."

గ్లాసు తీసుకెళ్ళి జమీల్ ముందు నేల మీద పెట్టింది. పెట్టినచోట నీటి మరక పడింది.

"నా కొడుకు ఐసు కోసం వెళ్ళింది దీనికోసమే. ఇది కరిగేలోగా చెప్పయ్యా. ఐసు సంచి నీడలో ఎవరు పెట్టారు?"

"అమ్మా, ఈ సమయంలో..." అని హాజ్ మిస్లెహ్ అందుకోబోయాడు.

"మిమ్మల్ని కాదు హాజ్. మీరు బాగా మాట్లాడారు, ఇక గొంతుకి విశ్రాంతి ఇవ్వండి."

గ్లాసులో ఐసు ముక్క ఒకటి పగిలి టక్కుమంది. జమీల్ ఆ గ్లాసు వంక చూస్తూ చూస్తూ ఏడుపు మొదలుపెట్టాడు.

"మావాడే పెట్టాడమ్మా. దిగాడు. మీవాడు ఇంకా తెలివిలోనే ఉన్నాడు. 'ఐసు మా అమ్మకి, కరిగిపోతుంది, నీడలో పెట్టన్నా' అన్నాడట. పెట్టాడు. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు."

"మరి ఆసుపత్రికి?"

"తీసుకెళ్దామనుకున్నాడు. ముందు నాకు ఫోన్ చేశాడు." జమీల్ కళ్ళు తుడుచుకున్నాడు. "నేనే వద్దన్నాను. నమాజు వదిలే వేళయింది, వాళ్ళ మనుషులు చూస్తే అక్కడే నరికేస్తారు, ముందు నువ్వు బయటపడు, వాణ్ణి వచ్చేవాళ్ళు చూసుకుంటారు అన్నాను. వాడు రానన్నాడమ్మా. నేను తిట్టి పిలిపించాను. ఆగలేదని చెప్పమన్నదీ నేనే."

ఉమ్మ్ హైసమ్ ఏడవలేదు. ఏడుపు ఎక్కడో కిందికి దిగిపోయి రాయిలా కూర్చుంది. వాడు బతికి ఉన్నాడు. చెయ్యి పట్టుకునే మనిషి దొరికాడు, ఆ చెయ్యినీ వదిలించారు. ఎండలో ఒంటరిగా ఎదురు చూశాడు.

జమీల్ గ్లాసు వైపు చెయ్యి చాచాడు. తాగమని పెట్టిందనుకున్నాడు కాబోలు. ఆవిడ వంగి గ్లాసు తీసేసుకుంది.

"ఇది నీకు కాదు. నాకోసం చేసింది."

అంతమంది మగవాళ్ళ మధ్య నిలబడే తాగింది. పులుపు, తీపి, ఆ వెనకాలే చేదు. ఇన్నాళ్ళూ మొహం చిట్లించిన కాఫీ ఇంత బాగుంటుందని ఆవిడకి తెలియదు. చుక్క మిగలకుండా తాగి, తలగుడ్డ చెంగుతో మూతి తుడుచుకుంది.

"బావగారూ, ఆ పిల్లాణ్ణి బయటికి రానివ్వండి. వాడు నా కొడుకు మాట విన్నాడు," అని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

అబూ తలాల్ హాజ్ మిస్లెహ్ వైపు తిరిగి, "మీ కాఫీ తాగండి," అన్నాడు. హాజ్ మిస్లెహ్ చల్లారిన కప్పు ఎత్తి తాగాడు. తర్వాత కాఫీ వరసగా అందరికీ తిరిగింది.

ఉమ్మ్ హైసమ్ ఖాళీ గ్లాసు కడిగి బోర్లిస్తుంటే నౌఫా పరుగున వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆ జమీల్ కప్పు తీసుకుని తాగకుండా కింద పెట్టేశాడే. అందరూ లేచారు, ఆయన లేవట్లేదు. నువ్వు తాగమంటేనే తాగుతాడట. మీ బావగారు నిన్ను అడిగి రమ్మన్నారు. ఏం చెప్పను?"

ఉమ్మ్ హైసమ్ కొళాయి కట్టేసింది. ఖాళీ అయిన ఐసు ట్రే తీసుకుని నీళ్ళు నింపింది, ఒలక్కుండా ఫ్రీజర్‌లో పెట్టింది.

"అక్కడే ఉండనీ అక్కా," అంది. "చల్లారనీ."