మేస్త్రీ మెచ్చిన తోట

మా నాయన కుప్పుస్వామి మేస్త్రీ గుడియాత్తంలో సగం మేడలు కట్టాడు గానీ, వాటిలో ఒక్కటైనా బాగుందని ఆయన నోట ఎవరూ వినలేదు. దిష్టిబొమ్మ కట్టందే ఇటుక ముట్టే మనిషి కాదు. ఇల్లు పూర్తయ్యాక సొంతదారులు మురిసిపోతూ నిలబడితే, ఏదో పడిపోకుండా ఉందిలే అని మొహం తిప్పుకుంటాడు. కూలివాళ్ళెవరైనా నోరు జారి గోడ బాగుందన్నారో, ఆ పూటకు వాళ్ళకు టీ ఉండదు. నేను పదో తరగతి పాసయితే, పేపర్లు దిద్దిన అయ్యవారికి చూపు మందగించినట్టుందన్నాడు.

మా అమ్మ చెల్లమ్మ కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఇదంతా భరిస్తూనే ఉంది. ఆమె ఏం వండినా ఆయన మూడుసార్లు వడ్డించుకుని, చేయి కడుక్కుంటూ ఉప్పు తక్కువైందంటాడు. ఆ ఎండాకాలం మాత్రం ఆమె ఓపిక తెగిపోయింది. అందుకు కారణం పాయసం. నాయన కట్టిన ఇంట్లోనే ఒక షావుకారు గృహప్రవేశం చేశాడు. ఆ ఇంటావిడ వండిన పాయసం అమృతంలా ఉందని నాయన పంక్తిలో అందరికీ వినపడేట్టు అన్నాడు. ఆడవాళ్ళ వరసలో కూర్చున్న అమ్మ, అన్నం ముగించకుండానే విస్తరి మడిచేసింది.

ఫారిన్‌కు పంపే బూట్లు కుట్టే కంపెనీలు మా వైపు ఊరూరా లేస్తున్న రోజులవి. నేను పేర్ణాంబట్టు దగ్గర ఒక కంపెనీలో చేరి, అమ్మకు నీలం చీర కొన్నాను. ఆ ఆదివారం ఇద్దరినీ వేలూరు కోట తోటకు బయల్దేరదీశాను. అమ్మ కొత్త చీర కట్టి, మల్లెలూ కనకాంబరాలూ కలిపి పెట్టుకుంది. చింతపండు అన్నం కలిపింది. దాంతోపాటు ఒక సంచీలో రెండు పాత చీరలు కూడా కుక్కింది.

పళ్ళికొండ దగ్గర బస్సు పాలారు ఇసుక దాటుతుండగా, ఆ చీరలు ఎందుకో నా చెవిలో చెప్పింది. ఈ రోజు పొద్దుగుంకేలోపు తన గురించి ఒక్క మంచిమాట ఆయన నోట రాకపోతే, వేలూరు నుంచి అటే నాట్రంపల్లిలో వాళ్ళ అక్క ఇంటికి పోతుందట. ఎప్పుడు తిరిగొచ్చేదీ అక్కడ ఆలోచించుకుంటుందట. నేను నవ్వాను. ఆమె మొహం చూసి నవ్వు ఆపాను. మా అమ్మ ఉత్తుత్తి బెదిరింపుల మనిషి కాదు. పోతానంటే పోతుంది.

కోట ముందు దిగగానే అగడ్త వైపు చూసి, వేలూరు గురించి అందరూ చెప్పే మాటే ఎత్తుకుంది. "నీళ్ళు లేని ఏరు, రాజు లేని కోట, సామి లేని గుడి అనేవాళ్ళు. ఆ సామి కూడా ఎప్పుడో వచ్చి కూర్చున్నాడు. మా మేస్త్రీ నోట్లో మంచిమాటే ఇంకా రాలా."

నాయన వినలేదు. వింటే మాత్రం ఏం లాభం? ఆయన అప్పటికే తోటలో పడిపోయాడు. కంచె మొక్కలు మట్టంపలక పెట్టి కత్తిరించినట్టున్నాయని, నీళ్ళు పడుతున్న తోటమాలిని పిలిచి మరీ మెచ్చుకున్నాడు. కాగితం పూల రంగు బాగుందన్నాడు. గడ్డి బాగుందన్నాడు. నాలుగు వందల ఏళ్ళనాటి రాతిగోడను చేత్తో నిమిరి, ఇదీ పనంటే అన్నాడు. ఇంట్లో దాచుకున్న మెప్పంతా మూట విప్పి తోటలో పారబోస్తున్నాడు. వెనకాల అమ్మ అడుగుల చప్పుడు పెరుగుతోంది.

నాకు భయం పట్టుకుంది. అమ్మ చీర ఎలా ఉందని నేనే అడిగాను. ఒకసారి ఎగాదిగా చూసి, ఉతికితే రంగు దిగుతుందేమో అన్నాడు.

తురాయి చెట్టు నీడలో అన్నం విప్పాం. ఉప్పు తక్కువంటూనే మూడోసారి పెట్టించుకున్నాడు. అంతలో ఎవరో ఆవిడ పిల్లలను తోలుకుంటూ మా ముందు నుంచి పోయింది. ఆవిడ ఆకుపచ్చ చీర ఎంత బాగుందో చూడమని నాయన నాతో అన్నాడు.

అమ్మ గరిటె పక్కన పెట్టి, సంచీ భుజాన వేసుకుని లేచింది.

"యాడికే?" అన్నాడు నాయన, చేతిలో ముద్ద చేతిలోనే ఉండగా.

"నాట్రంపల్లికి. మా అక్కయితే నేను కాచిన వేణ్ణీళ్ళనైనా బాగుండాయంటాది." సంచీ పట్టీ సర్దుకుంది. "పొరుగింటి పుల్లకూర రుచి నీకు. షావుకారమ్మ పాయసం బాగుండాది, సర్కారు గడ్డి బాగుండాది, దారిన పోయే ఆయమ్మ చీర బాగుండాది. ఇన్నేండ్లుగా నేనొకదాన్నే నీ కంటికి ఆనలేదు."

నాయన ముద్ద ఆకులో పెట్టేశాడు. దగ్గర్లో ఎవరైనా ఉన్నారేమోనని అటూ ఇటూ చూశాడు. అంత పెద్ద మేస్త్రీ, సారం కట్టెల మీద నిలబడి వీధి చివరికి వినపడేట్టు అరిచే మనిషి, నాకే సరిగ్గా వినపడనంత మెల్లగా అన్నాడు.

"అవన్నీ మనయి కాదు గదే. దిష్టి తగిలి పోయినా మనకేం నష్టం? పోకూడనిదాన్ని పట్టుకోని బాగుండాదని ఎట్ల చెప్పేది?"

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వాళ్ళకు కనపడకుండా అగడ్తలో పడవల వైపు తిరిగాను. వెనక సంచీ గడ్డి మీద దిగిన చప్పుడయింది.

నేను ఇటు తిరిగేసరికి అమ్మ ఆయన ఎదురుగా కూర్చుని ఉంది. ఆయన భుజం మీది తువ్వాలు లాగి, మీసానికి అంటిన మెతుకు తుడిచింది. తనూ అటూ ఇటూ చూసి, ఎవరూ వినడం లేదని తేల్చుకుంది.

"నువ్వు కూడా ఏం బాగలేవులే," అంది.