ఓరప్పో నొప్పి

ఆ వారమంతా జయశీలి కాలు నేల మీద నిలవలేదు. మరియమాత పండక్కి బిషప్పు గారు వస్తున్నారు. కన్నడ సీమలో తిరుమణి అవతల మిట్ట మీద, నాలుగు వైపులా సోలారు పలకల నడుమ ఉన్న వాళ్ల చిన్న గుడికి ఆయన రావడం ఇదే మొదలు. ఆయన ముందు మైకు పట్టుకొని ప్రార్థన మాల పాడేది తనే. అదీ లాటిన్‌లో. ఆ లాటిన్ కోసం ఊరంతటితో కయ్యానికి కాలు దువ్వి మరీ గెలిచింది పిల్ల.

సోలారు ప్లాంటులో ఆపరేటరు పని ఆమెది. బెంగళూరులో డిప్లొమా చదివేటప్పుడు ఒక గుడిలో పాత పద్ధతి పూజ చూసింది. పూజ చేసే సామి జనం వైపు తిరిగి మాట్లాడడం కాదు, జనంతో పాటు తానూ పీఠం వైపే తిరిగి నిలబడడం. సాంబ్రాణి పొగ, మోకాళ్ల మీద మనుషులు, గోడల్లో నుంచి వస్తున్నట్టున్న లాటిన్ పాట. ఆ రోజు ఆమెకు ఒళ్లు పులకరించింది. ఊరికి వచ్చాక మన పూజ ఉప్పులేని సంగటిలా ఉందని మొదలుపెట్టింది.

ఆమెకు ఎదురు నిలిచింది అంతోనప్ప మేష్టరు. కన్నడ మేష్టరుగా రిటైరై, గుడిలో పాటలన్నీ కన్నడలోకి తెచ్చిన మనిషి. ఎవరి పూజ వాళ్లకు అర్థమయ్యే భాషలో చేసుకొమ్మని రోమాలోని మత పెద్దలే అరవై ఏళ్ల కిందట చెప్పేశారనీ, వాళ్లు విప్పేసిన పాత చొక్కాను ఈ పిల్ల వెతికి తెచ్చి తొడుక్కుంటానంటోందనీ ఆయన వాదన. కరెంటు బిల్లు కూడా అందరికీ అర్థమవుతుంది, అలాగని దాన్ని ఎవరైనా కళ్లకద్దుకుంటారా అని ఆమె. ఇంట్లో అందరం మాట్లాడేది తెలుగైతే కన్నడం మాత్రం ఎవరి సొమ్మని ఇంకెవరో అడిగారు. బడిలో చదివింది కన్నడం, పుస్తకాలు వచ్చేది కన్నడంలో అని మేష్టరు గుడ్లురిమాడు. గుడిలో మొదలైన రగడ బావుల దాకా, బస్టాండు దాకా పాకింది. అన్నదమ్ములు మాటలు మానుకున్నారు.

జయశీలీ మేష్టరూ ఏకమైంది ఒకే ఒక్క సంగతిలో. అది జయశీలి అవ్వ, లూర్దమ్మ సంగతి.

ప్రార్థన మాలలో పాడేవాళ్లు మరియతల్లికి ఉన్న పేర్లు ఒక్కొక్కటే పిలుస్తారు. పిలిచినప్పుడల్లా జనం 'ఓరా ప్రో నోబిస్' అని బదులివ్వాలి. మా కోసం వేడుకో అని దానికి అర్థం. లూర్దమ్మ వాళ్లమ్మ కాలంలో ఎవరో దొర సామి నోటితో చెప్పి నేర్పించి పోయాడు. అర్థం చెప్పడం మరిచాడో, చెప్పినా వీళ్లు మరిచారో దేవుడికెరుక. లాటిన్ మాట ఈ నేల మీద నాలుగు వానలకు నానేసరికి 'ఓరప్పో నొప్పి' అయి కూర్చుంది. నొప్పి అన్నాక చూపించాలి కదా. అందుకని అలా అన్నప్పుడల్లా నొప్పి ఉన్నచోట చెయ్యి పెట్టుకోవడం ఆచారమైంది. మోకాళ్లు, నడుములు, తలలు. మాట విని చుట్టుపక్కల హిందువుల ఇళ్లవాళ్లూ రావడం మొదలుపెట్టారు. వాళ్లకు ఆవిడ మరియమాత కాదు, నొప్పులమ్మ. గొర్లు కాసేవాళ్లు, శనక్కాయ చేలల్లో నడుములు విరిగినవాళ్లు, అందరూ పండగ నాడు గుడి ముందుకు వచ్చి చేతులు పెట్టుకొని ఓరప్పో అంటారు. వాళ్లందరికీ ముందు గొంతు లూర్దమ్మది. ఆ గొంతు తిరుమణిలో లేస్తే క్యాతగానచెర్లులో గొర్లు తలెత్తుతాయని చెప్పుకునేవాళ్లు.

బిషప్పు గారి చెవిన ఇది పడితే పరువు గంగలో కలుస్తుందని మేష్టరు. లాటిన్‌కే తలవంపులని జయశీలి. చివరికి గుడి సామి లారెన్సు మధ్యే మార్గం తీశాడు. ఈ పండక్కి మాల లాటిన్‌లోనే. జనం సరిగ్గా బదులిస్తే ఇక ప్రతి పండక్కీ అదే. 'ఓరప్పో నొప్పి' అని వినబడిందా, వచ్చే ఏటి నుంచి అంతా కన్నడమే, మళ్లీ లాటిన్ ఊసెత్తకూడదు.

జయశీలి కొంగు బిగించింది. పొద్దున్నే ప్లాంటులో పలకలు కడిగే ఆడవాళ్ల దగ్గర నిలబడి చెప్పించింది. నోరు తిరగనివాళ్లకు ఆఫీస్ అన్నట్టే నోబిస్ అనమని కిటుకు చెప్పింది. నోబిస్ అంటే కొత్త బిస్కెట్టా అని పక్కింటి మారక్క అడిగితే ఇద్దరూ కడుపు పట్టుకొని నవ్వారు. చేతులు ఎక్కడంటే అక్కడ పెట్టుకోవద్దు, బడిలో ప్రార్థనకు నిలబడినట్టు జోడించి నిలబడాలని కూడా చెప్పింది. వారం తిరిగేసరికి గొర్లను మళ్లేసేవాళ్లు కూడా ఓరా ప్రో నోబిస్ అంటున్నారు. దోవలో అది చెవిన పడి మేష్టరు మొహం మాడ్చుకున్నాడు. జయశీలికి రెక్కలొచ్చినంత పనైంది.

లొంగనిది ఒక్క అవ్వ నాలుకే. పొద్దంతా నేర్పితే సాయంత్రానికి మళ్లీ ఓరప్పో దగ్గరికే వచ్చేది. పాపం, మొండితనం కాదు. మనవరాలి కోసం పళ్లు బిగించి మరీ ప్రయత్నించింది. పండగ ముందురోజు జయశీలికి ఓపిక చచ్చింది.

"అవ్వా, నీకు దండం పెడతా. రేపు నువ్వు నోరు మూసుకొని ఉంటే చాలు."

అవ్వ నవ్వి, సరేలే పాపా అంది. ఆ రాత్రి జయశీలికి పట్టిన నిద్ర అంతా ఇంతా కాదు.

పండగ నాడు గుడి ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. తోరణాలు, బ్యాండు మేళం, బిషప్పు గారి ఊదారంగు టోపీ చూడాలని తోసుకునే పిల్లలు. జయశీలి మైకు ముందు నిలబడి, కళ్లు మూసి తెరిచి, మొదటి పేరు పిలిచింది.

"సాంక్తా మరియా."

"ఓరా ప్రో నోబిస్." ఊరు ఊరంతా ఒక్క గొంతుతో.

బిషప్పు గారు తల తిప్పి చూశారు. లారెన్సు సామి నోరు తెరుచుకుపోయింది. రెండో పేరు, మూడో పేరు, ఒక్కరూ తప్పలేదు. చేతులన్నీ జోడించే ఉన్నాయి. గెలిచినట్టే అనుకుంది జయశీలి. సంతోషం పట్టలేక పాటలో గొంతు ఇంకో మెట్టు పైకి లేపింది. ఇది చూడాల్సిన మనిషి అవ్వే కదా అని మందిలో ఆమె కోసం వెతికింది.

మారక్క పక్కన నిలబడి ఉంది అవ్వ. ఇచ్చిన మాట ప్రకారం నోరు గట్టిగా మూసుకొని ఉంది. అన్ని వందల జతల చేతుల్లో ఒక్క ఆమె చెయ్యే జోడించి లేదు. చిన్నప్పటి నుంచి జయశీలి ఎరిగిన అవ్వ చెయ్యి మోకాలి మీద ఉండేది. ఈ రోజు పైట లోపలికి పోయి, ఎడమ రొమ్ము కింద అదిమి పట్టుకొని ఉంది. ప్రతి పేరుకూ అక్కడే ఇంకాస్త అదుముతోంది. కళ్లలో నుంచి నీళ్లు కారుతున్నాయి, పెదవి మాత్రం కదలడం లేదు.

తర్వాతి పేరు సాలుస్ ఇన్ఫిర్మోరుమ్. రోగుల ఆరోగ్యమా అని పిలవడం. జయశీలికి దాని అర్థం బాగా తెలుసు, అందరికీ గొప్పగా చెప్పింది కూడా. పిలవనైతే పిలిచింది. జనం బదులిచ్చే లోపలే బదులు కూడా జయశీలి గొంతులో నుంచే మైకులోకి ఊడిపడింది.

"ఓరప్పో నొప్పి."

అంతోనప్ప మేష్టరు గిరుక్కున తిరిగాడు. లారెన్సు సామి తల పట్టుకున్నాడు. అప్పుడు మారక్క జోడించిన చేతులు విప్పి నడుము మీద పెట్టుకొని, ఓరప్పో నొప్పి అని అరిచింది. అంతే, కట్ట తెగింది. చేతులన్నీ మోకాళ్ల మీదికి, నడుముల మీదికి, తలల మీదికి పోయాయి. ఆ కేకకు బిషప్పు గారు కుర్చీలో నుంచి లేచి నిలబడ్డారు. లాటిన్ పోయింది. పోతే పోయిందని జయశీలి మైకు అక్కడే వదిలేసి, జనాన్ని తోసుకుంటూ అవ్వ దగ్గరికి పరిగెత్తింది.

అవ్వ భయంతో ఆమె మొహంలోకి చూసింది. "నేను నోరు తెరవలే పాపా. తప్పింది నేను కాదు."

"అది పోనీలే. ఆడేముండాది అవ్వా? ఎప్పట్నుంచి?"

"ఉగాది కాడ్నుంచి ఉండాది. గడ్డ మాదిరి తగలతాది. మీకు చెప్తే కంగారు పడతారని చెప్పలే. పండగ నాడు తల్లికి చెప్పుకుందామని ఆగి ఉంటి. నువ్వు నోరు మూసుకోమంటివి."

జయశీలి అవ్వను రెండు చేతులా పొదివి పట్టుకుంది. ఇప్పుడే, ఈ పొద్దే ఆసుపత్రికి పోవాలని, కారున్నవాళ్లు ఎవరైనా రావాలని గొంతు చించుకొని అరిచింది. పేర్లు పిలిచేవాళ్లు లేకపోయినా జనం బదులిస్తూనే ఉన్నారు, ఆ హోరులో ఆమె కేక ఎవరికీ వినబడలేదు. ఆమె మళ్లీ అరిచింది.