కొలోన్ బండి, బోహుమ్ బండి

ఆసుపత్రి దుప్పటి అంచును ఇస్త్రీ రోలర్ల మధ్యకు తిన్నగా అందించి, అవతలి వైపు నుంచి వేడిగా జారుతున్నదాన్ని అందుకుని మడత పెట్టింది ఎల్‌ఫ్రీడె సొబొట్కా. దాని వెనకే ఇంకొకటి. శనివారం కనుక లాండ్రీ సగం పూటే. మోకాళ్ళకు మాత్రం ఆ తేడా తెలియలేదు. ఆవిరికి వేళ్ళ కొసలు ఉబ్బి తెల్లబడ్డాయి. ఆమె మాటిమాటికీ గడియారం చూస్తోంది. మధ్యాహ్నం రెండయితే ఊళ్ళో దుకాణాలన్నీ మూసేస్తారు. ఆలోగా భర్త ఎవాల్డ్‌ను రెండు షోరూములకూ తిప్పి, ఏ కారో తేల్చాలి.

ఇల్లు చేరేసరికి ఎవాల్డ్ ఆదివారం చొక్కా తొడుక్కుని, తల తడిపి దువ్వుకుని, వంటింటి కుర్చీలో సిద్ధంగా ఉన్నాడు. గనిలో బొగ్గు కొట్టినన్నాళ్ళూ ఊపిరితిత్తుల్లో రాతిధూళి నింపుకున్న మనిషి. ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే రెండుచోట్ల ఆగుతాడు. ఊపిరి తీస్తే కెటిల్ మరిగినట్టు సన్నగా ఈల. ఇంతకాలం కొన్నవన్నీ అవసరానికి కొన్నవే: బూట్లు, పొయ్యి, పందెపు పావురాల బుట్టలు పట్టే పెట్టెలాంటి పాత కారు. అక్కరలేనిది ఒక్కటైనా కొనుక్కోవాలని అతని కోరిక.

ఏడాదిగా అతని పనల్లా రెండు కార్లను పోల్చడమే. ఒకటి కొలోన్ నగరంలో తయారైనది, రెండోది పక్క ఊరు బోహుమ్‌లో తయారైనది. రెండూ రెండు తలుపులవే, నేలకు అతుక్కున్నట్టుండేవే, పందెపు కారులా కనిపిస్తూ కూలివాడికి అందేవే. పొద్దున రొట్టెకు వెన్న రాస్తూ కొలోన్ బండికి ముందుకు సాగిన పొడవాటి ముక్కు గురించి చెబితే, రాత్రి సూపు తాగుతూ బోహుమ్ బండి మలుపుల్లో ఎంత నిలకడగా ఉంటుందో చెప్పేవాడు. ఎల్‌ఫ్రీడె అన్నిటికీ ఊ కొట్టేది. ఆమెకు కావలసింది ఒక్కటే: ఎక్కిన మనిషి తనంతట తాను దిగగలగాలి. ఆ మాట పైకి అనలేదు.

వీధిలో అందరూ బకెట్లు పెట్టుకుని కార్లు కడుగుతున్నారు. గనిలో ఎవాల్డ్ పక్కనే పనిచేసిన కమిన్స్కి స్పాంజి పిండుతూ, "ఏమయ్యా, ఇవాళైనా తేలుస్తావా? నీకోసం చూసి చూసి ఆ రెండూ తుప్పుపట్టేలా ఉన్నాయి" అన్నాడు.

"తొందరపడి చేసుకుని నువ్వేం సుఖపడ్డావో చూస్తూనే ఉన్నాగా" అన్నాడు ఎవాల్డ్, కిటికీలో మోచేతులు ఆనించి చూస్తున్న కమిన్స్కి పెళ్ళాం వైపు తలెగరేసి. అందరికంటే ముందు ఆమే నవ్వింది.

మొదట బోహుమ్ బండి. ఎవాల్డ్ కూర్చున్నాడు, మీటలు తాకాడు, తలుపు చట్రం పట్టుకుని ఒక్క ఊపులో లేచాడు. ఎల్‌ఫ్రీడె గుండె కుదుటపడింది. "బాగానే ఉంది" అన్నాడతను, క్యాబేజీ సూపు గురించి అన్నట్టు.

రెండో షోరూములో సేల్స్‌మన్ తాళంచెవిని ఎవాల్డ్ అరచేతిలో పెట్టాడు. అతను దాన్ని కాసేపు పట్టుకుని, చూడకుండానే భార్యకు అందించాడు. "డ్రైవరు మా ఆవిడ. పక్కన కూర్చుని తప్పులు పట్టడం నా ఉద్యోగం."

కాలువ దాకా వెళ్ళి వచ్చారు. దారి పొడుగునా ఎవాల్డ్ ఏ తప్పూ పట్టలేదు. ముందు పరుచుకున్న ఆ పొడవాటి ముక్కునే చూస్తూ కూర్చున్నాడు.

తిరిగొచ్చాక దిగబోయాడు. లేవలేకపోయాడు. మళ్ళీ ప్రయత్నించాడు. పెదవులు నీలమయ్యాయి. సేల్స్‌మన్ నవ్వుతూ ఇటే వస్తున్నాడు.

"బాబూ, కాస్త కాఫీ దొరుకుతుందా? పాలు వేడిగా ఉండాలి" అంది ఎల్‌ఫ్రీడె.

అతను వెనుదిరగగానే, ఇంట్లో స్నానపు తొట్టిలోంచి లేపినట్టే, భర్త చంకల కింద చేతులు వేసి ఒక్క పట్టు పట్టింది. కాఫీ వచ్చేసరికి ఎవాల్డ్ కాలరు సర్దుకుని నిలబడి ఉన్నాడు.

"బోహుమ్‌దే తీసుకుందాం. మలుపుల్లో అదే మేలు" అన్నాడు.

"మలుపుల సంగతి నాతో చెప్పకు."

అతను కాఫీలోకి చూస్తూ మెల్లగా అన్నాడు: "వీధిలో అన్ని కిటికీలూ చూస్తుండగా నువ్వు నన్ను మూటలా లాగడం వద్దు, ఫ్రీడా."

"నీకేది ఇష్టం?"

"ఇష్టానికేముందిలే."

"అడిగినదానికి చెప్పు."

"నీకు తెలుసుగా" అన్నాడు.

ఎల్‌ఫ్రీడె కప్పు కింద పెట్టి, సేల్స్‌మన్ దగ్గరికి వెళ్ళి, ఇదే తీసుకుంటామని చెప్పింది. తిరిగొచ్చి, "దిగే సంగతి నాకు వదిలెయ్" అంది.

ఇంటికి రాగానే అటక మీది పాత పరుపులోంచి గట్టి ఫోం ముక్క కోసి, గోధుమరంగు కార్డరాయ్ గుడ్డ పరిచి, కారు సీటు ఎత్తు పెంచే దిండు కుట్టడానికి కూర్చుంది. సోఫాలో వాలిన ఎవాల్డ్ మందమెంత అని అడిగాడు. నాలుగు వేళ్ళంది.

"తల పైకప్పుకు తగులుతుందేమో."

"టోపీ తీసి కూర్చో."

నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు తగ్గింది. నిజానికి మలుపుల్లో బోహుమ్‌దే మేలు, అందులో అబద్ధం లేదన్నాడు. మళ్ళీ తనే, "అయినా ఆ ముక్కు చూశావా" అన్నాడు.

చూశానంది ఎల్‌ఫ్రీడె, సూదిలో దారం ఎక్కిస్తూ. ఫోం గట్టిది, ఒక్కో కుట్టుకూ బొటనవేలు నొప్పెట్టింది. కర్టెను మీద ఎండ ఇంకా ఉంది. వీధిలో ఎవరో బకెట్లోని నీళ్ళు పారబోసిన చప్పుడు, ఇంట్లోనే పోసినంత స్పష్టంగా వినిపించింది. ఆ చప్పుడు అంత బాగా ఎందుకు వినిపించిందో అర్థమవడానికి ఆమెకు కొంతసేపు పట్టింది. గదిలో ఈల లేదు.

మిగిలిన అంచు కూడా కుట్టింది. ముడి వేసి, దారం కొరికింది. అప్పుడు తల ఎత్తింది.

అంత్యక్రియలయ్యాక కారు తనే వెళ్ళి తెచ్చుకుంది. శనివారం కమిన్స్కి బకెట్టుతో వచ్చి, ఆ పొడవాటి ముక్కు కడగడం మొదలుపెట్టాడు. పక్క సీటులో నాలుగు వేళ్ళ మందాన గోధుమరంగు దిండు, మూలలు నిక్కబొడుచుకుని, ఎక్కడా నొక్కు పడకుండా ఉంది.