తడి పంచె

నెలకోసారి పొందూరో బొబ్బిలో వెళ్ళి ఏదో ఒకటి కొని తేకపోతే సుహాసినికి తిన్నది అరగదు. చెంబు బుడితిదే కావాలి, బొమ్మ వీణ బొబ్బిలిదే కావాలి, బట్ట పొందూరుదే కావాలి. డిగ్రీ అయి ఇంట్లో ఉన్న కూతురు అనిత ఫోన్ చూపించి, "అమ్మా, సగం ధరకే ఇంటికి తెచ్చి ఇస్తారే" అంటే, "ఆ అమ్మినోలు నీ మంచికీ సెడ్డకీ కూడా వస్తారేటే?" అని నోరు మూయించేది. ఆవిడతో వాదించి గెలిచినవాడు ఆ వీధిలో లేడు, మొగుడు దేవేంద్రతో సహా.

ఓ ముసురు రోజున దేవేంద్రకి పంచె కొనడానికి పొందూరు వెళ్ళింది. జగ్గమ్మ వాకిట్లో కూర్చుని వాలుగ చేప దవడ ఎముకతో దూది ఏకుతోంది. ఆ ముసలావిడ ఏకిన దూదితో నేసిన బట్టని, కట్టుకునే మనిషి పేరు చెప్పి కొనాలి. ఆ పేరుగల మనిషికి నీటిగండం ఉంటే బట్ట తడుస్తుంది. చేప ఎముక కదా, నీళ్ళ సంగతి దానికి తెలుస్తుంది. రంగు వెలుస్తుందా అని అడిగినంత మామూలుగా తడిసిందా అని అడుగుతారు ఆ చుట్టుపక్కల.

"ఎవులికమ్మా?" అంది జగ్గమ్మ, మడతపెట్టిన పంచె చేతిలో పెడుతూ.

ఎంత నోరున్నా సుహాసిని మొగుడి పేరు మాత్రం పలకదు. వాళ్ళమ్మ పలకలేదు, అత్త పలకలేదు. "మా అనిత నాన్నకి" అంది.

పంచె బరువెక్కింది. అంచుల నుంచి నీళ్ళు కారి ఆవిడ చెప్పుల మీద పడ్డాయి.

జగ్గమ్మ ఎముక పక్కన పెట్టింది. "గెడ్డ దాటనీకు తల్లీ. గండం పోతే దానంతటదే ఆరిపోద్ది. కొన్నోలు ఇంకో పేరు సెప్పి మార్సుకోవచ్చుననుకో. అలా మార్సినా తడి మాత్రం పోదు, ఎవులిదో ఒకలిది అవ్వాల."

"ఒకల గండం ఇంకొకల నెత్తిన ఎవులు పెడతారు పిన్నీ!" అని సుహాసిని పంచెని సంచిలో వేసుకుంది. బస్సులో దారిపొడుగునా సంచి కారుతూనే ఉంది. కండక్టరు దాన్ని చూసి, పక్కవాణ్ణి లేపి ఆవిడకి సీటు ఇప్పించాడు.

దేవేంద్ర పొలం ఊరి చివరి వాగుకి, ఆ గెడ్డకి అవతల ఉంది. పంచె చూడగానే కాలు బయట పెట్టనన్నాడు. పంచెని తీగ మీద వేసి కింద బకెట్టు పెట్టారు. మూడో రోజుకి ఆరలేదు సరికదా, పొద్దున్నుంచి బకెట్టు రెండుసార్లు నిండింది. సుహాసిని బకెట్టు పారబోసి వెనక్కి చూసింది. మనిషేమో ఎదురుగా మంచం మీద వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. మరి ఇది ఎందుకింతలా కారుతోంది?

"అనితేదీ?" అంది.

"నానెల్లకూడదు కదేటి. ఒడిశాలో వాన్లు పడతన్నాయి, పొలంలో మోటారు మునిగిపోద్దని అదే ఎల్నాది, స్కూటీ మీద."

జగ్గమ్మ అడిగింది పేరు. తను పలికిన పేరు ఒక్కటే. ఇరవై రెండేళ్ళుగా మొగుడి పేరు పలకలేక అడ్డం పెట్టుకున్న పేరు.

ఫోన్ చేస్తే మోగింది గాని, అనిత తియ్యలేదు. ఊరి చివర గెడ్డ హోరు ఇంట్లోకి వినిపిస్తోంది. ఫోన్లో దొరికే పంచే కొని ఉంటే బాగుండేదని మొదటిసారి అనిపించింది సుహాసినికి. అది ఎవరి పేరూ వినదు. వినకపోయినంత మాత్రాన గెడ్డ పొంగకుండా ఆగుతుందా?

పంచెని తీగ మీంచి లాగి రెండు చేతులా పట్టుకుంది. మొగుడి వైపు చూసింది. పెళ్ళయ్యాక ఒక్కసారీ పలకని పేరు నాలుక చివరికి వచ్చింది. దేవేంద్రకి అర్థమైంది. ఒళ్ళో తొక్కలు దులుపుకుని లేచి నిలబడ్డాడు.

"పర్నేదు," అన్నాడు. "నా పేరు సెప్పీ."

సుహాసిని కళ్ళు మూసుకుంది.

"సుహాసిని," అంది.

పంచె ఒక్క క్షణం కారడం మానేసి, మళ్ళీ మొదలుపెట్టింది. ఆ వెంటనే ఫోన్ మోగింది.

"అమ్మా, గెడ్డ కాజ్‌వే మీదికి ఎక్కబోతంటే బండి ఆగిపోనాదే!" అంది అనిత. "కిక్కు కొడతన్నాను, ఇంతలో నా కళ్ళ ముందే నీలు పొర్లిపోనాయి."

"ఇంటికొచ్చీ," అంది సుహాసిని.

ఆ తర్వాత ఆవిడ పొందూరు వెళ్ళలేదు, దారిలో గెడ్డలున్నాయి. స్నానానికి నీళ్ళు దేవేంద్రే తోడి పెడతాడు, ఒక్కొక్క చెంబే. పంచె ఇంకా తీగ మీదే ఉంది. మొగుడి పేరు దాచుకోవడానికి ఇంక ఏముందని కాబోలు, ఇప్పుడు ఆవిడ వీధి వీధంతా వినపడేలా పిలుస్తుంది.

"దేవేంద్రా, బకెట్టు నిండిపోనాది."