బతికున్న మనిషి బొమ్మ

గంగరాజు ఒప్పుకున్న రోజుకి బొమ్మ ఇచ్చాడంటే గోదావరి వెనక్కి పారుతుంది. కోనసీమలో ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు, పందెం కూడా కాస్తారు. ఆ ఉదయం కూడా అతను అమలాపురం బస్టాండులో రెండో టీ ఊదుకుంటూ, ఎక్కవలసిన బస్సు కదిలిపోతుంటే పెళ్ళివారిని సాగనంపుతున్నంత మర్యాదగా చూస్తున్నాడు.

సన్నటి మనిషి. ముక్కుమీద కళ్ళజోడు, భుజాన గుడ్డసంచి, చంకలో అట్ట. పోయినవాళ్ళ చిన్న ఫోటో తీసుకుని, దానిమీద గళ్ళు గీసి, గోడకి తగిలించేంత బొమ్మ వెయ్యడం అతని పని. కొట్టంటూ లేదు. బస్సు సీటో, రేవులో బల్లో, ఎవరి అరుగు దొరికితే అదో. ఆలస్యమేమిటని అడిగితే, పోయినవాళ్ళకి తొందరేముందండీ అనేవాడు. కపిలేశ్వరపురంలో ఒకాయన తన తాతగారి బొమ్మ వెయ్యమంటే, అది చేరేసరికి ఆ వెయ్యమన్నాయనే తాతగారైపోయాడట.

సంచి అడుగున అతని భార్య భూలక్ష్మి ఫోటో కూడా ఉంది. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. దాన్ని వెయ్యకపోవడం మాత్రం బద్ధకం కాదు. వేసేస్తే ఆవిడ గోడెక్కేస్తుంది. సంచిలో ఉన్నన్నాళ్ళూ తనతోపాటు ఊళ్ళు తిరుగుతుంది.

అయితే ఇవాళ్టి బొమ్మ బతికున్న మనిషిది. పాశర్లపూడిలో ఉండే స్టెల్లా కువైట్‌కి ఇంటిపనికి వెళుతోంది, మధ్యాహ్నమే కారు. మాటలు నేర్చుకుంటున్న కొడుకు జీవన్ తన ముఖం మరిచిపోకుండా బొమ్మ వేయించి పోవాలని ఆమె కోరిక. బతికున్నదాన్ని గోడకెక్కిస్తే అచ్చిరాదని అత్త రాహేలు ఎంత గొణిగినా వినలేదు. వీసా రానన్నాళ్ళూ గంగరాజుకి హాయిగా గడిచింది. వచ్చిన రోజున ఆమె బూత్‌ నుంచి అతని పక్కింటికి ఫోను చేసి పిలిపించింది.

"నేను చచ్చిపోలేదండీ గంగరాజుగారూ. నాకు తొందరుందండి."

ఆ మాట గుర్తొచ్చి మూడో టీ వద్దన్నాడు. టీకొట్టు వీరబాబు గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఒంట్లో బాగోలేదాండీ అని అడిగాడు.

తరవాతి బస్సులో అట్ట ఒళ్ళో పెట్టుకున్నాడు. కాగితంమీద ముఖం గీతల్లోనే ఉంది. మొత్తం వెయ్యాలంటే గుండె జారింది. పోనీ, చెవిదుద్దు ఒక్కటీ వేసి మూసేద్దాం అనుకున్నాడు. దుద్దు అయ్యాక చెవి ఊరుకోలేదు, చెవి అయ్యాక చెంప. బస్సు కుదుపుకి ఎడమ కనుబొమ పైకి లేచింది. చెరపబోయి ఆగిపోయాడు. ఫోటోలో లేని పెంకితనం అందులో వచ్చింది. ఫోనులో విన్న గొంతు అచ్చం అలాగే ఉంది.

అప్పటికింకా వంతెన లేదు. బోడసకుర్రు రేవులో ఏరు దాటించే పంటెక్కి, జనం మధ్య చతికిలబడి, కళ్ళలో తెల్లచుక్కలు పెట్టాడు. చెమటలు పట్టేశాయి. ఎడమచెయ్యి లాగుతుంటే విదిలించుకున్నాడు. బొమ్మ పూర్తయింది.

గోదావరి వెనక్కి పారిందా అంటే, పారింది. సముద్రం పోటెత్తినప్పుడల్లా ఆ పాయ రోజూ వెనక్కే పారుతుంది. ఆ సంగతి దాచి పందెం కాయించడమే చెప్పేవాడి తెలివి.

ఇంటిముందు కారు ఆగి ఉంది. స్టెల్లా బొమ్మ అందుకుని తన కనుబొమ తడుముకుంది.

"నా కనుబొమ అలా లేస్తుందాండీ?"

"ఆయ్. కోపమొచ్చినప్పుడండి."

ఆమె నవ్వి, కళ్ళు తుడుచుకుని, బొమ్మ మేకుకి తగిలించింది. గంగరాజు జీవన్‌ని ఎత్తుకుని చూపించాడు. వాడు వేలుపెట్టి "అమ్మ" అన్నాడు. కారు వెళ్ళిపోయింది.

గంగరాజు అరుగుమీద గోడకి జారబడ్డాడు. భూలక్ష్మి బొమ్మ మొదలెడతానని రాహేలుతో చెప్పాడు.

"రేపు కాదండీ. ఇవాళే."

ఆవిడ మజ్జిగ తెచ్చి, పుచ్చుకోండి అంది. మళ్ళీ అంది. గ్లాసు చేతిలోంచి జారింది. పొద్దుటినుంచీ కోడలికేమవుతుందోనని వణికిన మనిషి, తన అరుగుమీదే, తను లోపలికెళ్ళొచ్చేలోపు ఇంకొకరు వెళ్ళిపోయారని తెలిసి, పక్కింటికేసి పరుగెత్తింది. పక్కింటి అబ్రహాము వచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు.

"ఈయనేంటి, ఇంత తొందరపడ్డారు," అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

ఇందులో ఒక్క ముక్క నేను కల్పించింది. జీవన్ "అమ్మ" అనలేదు. బొమ్మకేసి చూడనేలేదు. ఎత్తుకున్నంతసేపూ వాడి ధ్యాసంతా గంగరాజు కళ్ళజోడు మీదే. వాడు లాగేసుకుంటే, ఉంచుకో నాయనా అని వదిలేశాడు. జనమంతా వెళ్ళాక అది అరుగు అంచున బోర్లాపడి ఉంది, ఒక కాడకి దారం చుట్టి, కుడి అద్దంమీద పెన్సిలుపొడి వేలిముద్రతో.