హుంగే పెళ్లి వీడియో

గీదం బస్టాండు పక్కన పెళ్లి వీడియోల స్టూడియో పెట్టుకున్న గవర్రాజుకి మనుషుల కంటే తన కంప్యూటరంటేనే మమకారం ఎక్కువ. తండ్రి శ్రీకాకుళం నుంచి కిరందుల్ ఇనుప గనుల్లో పనికొచ్చిన మనిషి. కొడుకు గనికి పోకుండా కెమెరా పట్టాడు. రాయ్‌పూర్ నుంచి నీళ్లతో చల్లబడే గ్రాఫిక్స్ కార్డు తెప్పించి, కంప్యూటర్ మూతకి అద్దం బిగించి, గొట్టాల్లో తిరిగే నీళ్లని వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు.

ఆ ఎండాకాలం అది మొండికేసింది. వీడియో తయారుచేయడానికి పెట్టిన కాసేపటికే కార్డు పెనంలా కాలి, తెర మీద గీతలు పడి, అంతా నల్లగా అయిపోయేది.

సరిగ్గా అప్పుడే ఎర్రబోరు అనే ఊరి నుంచి భీమే అనే ఆదివాసీ ఆమె పెళ్లి వీడియో కోసం వచ్చింది. ఆమె కూతురు హుంగే పెళ్లి గవర్రాజే తీశాడు. అత్తారింటికి వెళ్లిన నెలలోపే ఆ పిల్ల జ్వరంతో పోయింది. ఇంట్లో ఆధార్ కార్డు మీది మసక బొమ్మ తప్ప ఆమెది ఒక్క ఫోటో కూడా లేదు.

“మిషన్‌కి జ్వరం వచ్చిందమ్మా, నీ పిల్లకొచ్చినట్టే. తగ్గాక రా” అన్నాడు గవర్రాజు.

భీమే తిరుగు బస్సెక్కింది. ఆ తర్వాత ఎన్నిసార్లు బస్సెక్కి వచ్చిందో! వచ్చిన ప్రతిసారీ మెట్ల మీద కూర్చునేది. ఆమెను చూస్తే అతనికి ఒళ్లు మండేది.

ముందు సాఫ్ట్‌వేర్ తీసి మళ్లీ ఎక్కించాడు. పవర్ సప్లై మార్చాడు. చిప్ మీద వేడిని లాగే పేస్టు ఎండిపోతే గీకి కొత్తది రాశాడు. ఫలితం లేదు. చివరికి రెండు గొట్టాలూ చేత్తో పట్టుకు చూశాడు. ఒకటి కాలిపోతోంది, రెండోది చల్లగా ఉంది. నీళ్లు తిరగడం లేదు. పంపు విప్పితే లోపలంతా ఎర్రటి బురద. నీళ్లు తగ్గినప్పుడు బ్యాటరీల్లో పోసే శుద్ధమైన నీళ్లు కొనడానికి బద్ధకించి బోరు నీళ్లు పోసింది తనే.

పంపు కడిగాడు. ఈసారి బ్యాటరీ నీళ్లే పోశాడు. అతుకుల కింద కాగితాలు పరిచి, ఒక రోజంతా పంపు ఒక్కటే తిప్పి కారుతుందేమో చూడాలని అతనికి తెలుసు. కానీ భీమే మళ్లీ వచ్చి మెట్ల మీద కూర్చుంది. ఆమెను వదిలించుకోవాలని వెంటనే స్విచ్ వేశాడు.

కార్డు వేడెక్కలేదు. తెర మీద హుంగే పెళ్లి సాఫీగా సాగుతోంది. గవర్రాజు ఈల వేసుకుంటూ ఉండగానే అతుకు నుంచి చుక్క జారి, కార్డు కిందున్న డిస్కు మీద పడింది. కాలిన వాసన వచ్చి తెర ఆరిపోయింది. హుంగే పెళ్లంతా ఆ డిస్కులోనే ఉంది. కెమెరా కార్డులు ఎప్పుడో చెరిపేసి వేరే పెళ్లిళ్లకు వాడేశాడు.

ఈ సంగతి బయటికి పొక్కితే పెళ్లిళ్లకి తననెవరూ పిలవరు. మర్నాడు పాత కంప్యూటర్లో సుక్మాలో తీసిన మరో పెళ్లి తెరిచాడు. దేవే అనే అమ్మాయిది. పసుపు పూసిన ముఖంతో ఒక్కతే తల వంచుకుని ఉన్న దృశ్యాలు ఏరి, పైన హుంగే పేరు వేసి భీమేకి చూపించాడు. మిగతాదంతా పాడైపోయిందనీ, ఇదొక్కటే దక్కిందనీ చెప్పాడు.

భీమే చాలాసేపు చూసింది. “ఈమె నా బిడ్డ కాదు సేటు” అంది.

“కన్నతల్లివి, పిల్ల ముఖం అప్పుడే మర్చిపోయావా? పసుపు రాస్తే అలాగే ఉంటాది.”

ఆ మాటకి భీమే బెదిరిపోయింది. మళ్లీ చూసింది. మెల్లగా ఏడుపు మొదలుపెట్టింది. పక్కింటివాళ్లిచ్చిన ఫోనులో ఆ వీడియో వేయించుకుని, గుండెకి హత్తుకుని వెళ్లింది.

వానలు మొదలయ్యాక, సుక్మా బజారులో కూరగాయలు కొంటున్న దేవే చేయి ఒక ముసలామె పట్టుకుంది. తన బిడ్డ చావలేదనీ, ఎవరో దాచిపెట్టారనీ, ఇంటికి రమ్మనీ ఏడ్చింది. జనం పోగయ్యారు. దేవే భర్త మంగ్లూ ఆ ఫోనులో తన భార్య వీడియో చూసి మండిపడ్డాడు. భీమేని వెంటబెట్టుకుని, తమ పెళ్లి తీసిన గవర్రాజు దగ్గరికి నేరుగా గీదం వచ్చాడు.

స్టూడియో నిండా వేరే పెళ్లివారున్నారు. భీమే ముఖం వెలిగిపోయింది. “సేటూ, నువ్వే చెప్పు వీళ్లకు. ఈ వీడియోల ఉన్నది నా హుంగేనే అని నువ్వే గదా అన్నవ్” అంది.

గవర్రాజు ఒక్క క్షణం కూడా తడబడలేదు. “ఈవిడెవరో నాకు తెలీదు. నా కంప్యూటర్లోంచి ఎవరిచేతో దొంగతనంగా తీయించి ఉంటాది” అన్నాడు హిందీలో, అందరికీ అర్థమయ్యేలా.

మంగ్లూ ఫోను లాక్కుని వీడియో చెరిపేసి, మెట్ల మీద కూలబడ్డ ఆమె ఒళ్లో పడేశాడు.

ఖాళీ తెరని భీమే వేలితో రుద్దింది. ఎంత తలుచుకున్నా పసుపు పూసిన ఆ ముఖమే గుర్తొస్తోంది, కన్నబిడ్డది రావడం లేదు. “మరి నా బిడ్డ ముఖం ఎట్లుంటుండె సేటు?” అని అడిగింది. నిజంగానే అడిగింది, అతనికి తెలిసుంటుందని.

గవర్రాజు గ్లాసు తలుపు మూసి, పెళ్లివారికి కొత్త ఆల్బమ్ తెరిచి చూపించాడు. ఆమె మెట్లు దిగకపోయేసరికి, కొట్టు ముందు నుంచి లేపి పంపించమని టీ కొట్టువాడికి సైగ చేశాడు.