రంజాన్ నాటి సంతకం

ఆరేండ్లు అంబులెన్సులో ఊర్ల జనాన్ని మోసిన యేసురత్నం, తాను చచ్చినాక జమ్మలమడుగు ఆసుపత్రి నుంచి ఇంటికి సరుకుల ఆటోలో వచ్చినాడు. డ్యూటీలో లేనోనికి బండి ఇచ్చేది లేదని కాంట్రాక్టరు తేల్చేసినాడు. వాని నోట మన్ను బడ! పార్టీలు మారతాయి, జెండాలు మారతాయి, కాంట్రాక్టు మాత్రం ఆ ఇంటి గడప దాటదు.

ఈ సంగతి రామసుబ్బమ్మకు తెలీదు. చక్రాయపేట దగ్గర గొర్రెలు మేపే చిన్నసుబ్బయ్య కూతురామె. ఇరవై జీవాలు అమ్మి నాయన నర్సు కోర్సు చదివించినాడు. రాజుపాలెం అంబులెన్సులో ఉద్యోగం, నెలకు తొమ్మిది వేలని కాగితం వచ్చింది.

"కాగితాన్ని నమ్మాకమ్మా. గొర్రెను కొనేటోడు నడుం తడిమి చూడడా? ముందు చేసినోళ్ల ఇంటికి పోయి చేతికెంతొస్తాదో అడుగు" అన్నాడు నాయన.

వాళ్లనూ వీళ్లనూ అడుగుతా ప్రొద్దుటూరులో, తనకు ముందు ఆ పని చేసిన యేసురత్నం ఇల్లు పట్టుకుంది. లోపల ఆయన ఫొటో, ముందర కొవ్వొత్తి.

"ఉద్యోగం మానేసినాడని చెప్పినారక్కా..." అంది రామసుబ్బమ్మ.

"ఊపిరే మానేసినాడు పాపా" అంది ఆయన భార్య లీలమ్మ.

ఇంక జీతం గురించి అడిగేదానికి నోరెట్లొస్తాది? చేతిలోని ఉద్యోగం ఆర్డరు చూసి లీలమ్మే చెప్పింది.

"చేతికి ఆరున్నర వేలొస్తాది. గ్లౌజులకు, ఫినాయిలుకు మన దుడ్లే. ఒకరోజు రాకుంటే రెండ్రోజుల జీతం కోస్తారు. అందుకే పండగలకు ఒకరి డ్యూటీ ఒకరు చేసుకుంటారు. బుక్కులో మాత్రం ఎవరి డ్యూటీకి వాళ్లే ముందుగా సంతకం పెట్టిపోతారు. క్రిస్మస్‌కు, కూడా పనిచేసే రహమాను ఈయన డ్యూటీ చేసె. రంజాన్‌కు ఈయన రహమాను డ్యూటీకి పాయె. ఆ పొద్దు ఒక ఊర్లో రెండు ఫ్యాక్షన్ వర్గాలు కొట్టుకున్నాయి. పడిపోయినోన్ని ఎత్తతాంటే ఈయన మీద బాంబు పడింది. బుక్కులో ఏమో రహమాను ఉండాడు. పరిహారం లేదు, పలకరింపూ లేదు."

"రహమానన్న నిజం చెప్పలేదా అక్కా?"

"చెప్తే దొంగ సంతకమని కేసు. ఆయనకూ ముగ్గురు బిడ్డలు. నేనేమని అడిగేది?"

లీలమ్మ ఏడవలేదు. రామసుబ్బమ్మే ఏడ్చింది.

మరుసటి రోజు ఉద్యోగంలో చేరేదానికి పోతే, రాజుపాలెంలో అంబులెన్సు సిబ్బందంతా రోడ్డు మీద కూచున్నారు. బండి ఆపలేదు, వంతులేసుకుని జనాన్ని మోస్తానే ఉండారు. లీలమ్మను ముందర కూచోబెట్టుకుని, ఆమెకు పరిహారం ఇయ్యాలని ఒకటే కేక.

సూపర్‌వైజరు వెంకటేశు నవ్వినాడు. "ఇదో, ఈ పాప ఈ పొద్దే చేరతాంది. ఇట్లాంటోళ్లు ఇంకా శానామంది ఉండారు. కూచోండి, ఎండ బాగుంది."

తన జీతం ఎవరి కడుపు మీద కొట్టేదానికో రామసుబ్బమ్మకు అప్పుడు తెలిసింది.

"రంజాన్ నాడు ఆ బండెక్కిందెవరు?" అని గట్టిగా అడిగింది.

"గమ్మునుండు పాపా, ఆ సంతకాల మాటెత్తితే అందరం పోతాం" అని సిబ్బందిలోని యూనుస్ గొణిగినాడు.

రహమాను లేచినాడు. "ఆ పొద్దు నేను ఇంట్లో బిడ్డలతో సేమ్యా తింటాంటి. నా చావు వాడు చచ్చినాడప్పా!"

"విన్నారు గదా, దొంగ సంతకం!" వెంకటేశు పోలీసులకు ఫోను చేసినాడు.

తల దించుకున్న యూనుస్ తలెత్తినాడు. "అయితే నాదీ రాసుకో. ఉగాదికి ఎర్రన్న డ్యూటీ నేను చేసినా."

"బక్రీదుకు వానిది నేను!" అన్నాడు ఎర్రన్న. తర్వాత ఇంకొకరు. తర్వాత అందరూ. రాసేదానికి కాగితం లేదు. రామసుబ్బమ్మ తన ఆర్డరు కాగితాన్ని తిరగేసి ఒక్కొక్క పేరే రాసింది.

"ఏయ్, అది ఆర్డరు! ఉద్యోగం వద్దా నీకు?" అని వెంకటేశు అరిచినాడు.

"కావాల సార్. శానా కావాల. మా నాయన గొర్రెల మందంతా దీనికే పాయె" అంది. కన్నీళ్లు కారతానే ఉండాయి, రాస్తానే ఉంది.

జీపొచ్చి రహమానును ఎక్కించింది. పిలవకుండానే యూనుస్, ఎర్రన్న ఎక్కినారు. జీపులో పట్టనోళ్లు వెనకాల నడిచినారు. ఆ కాగితం పట్టుకుని లీలమ్మ అందరికంటే ముందర నడిచింది.

అంతలోకే అంబులెన్సు ఫోను మోగింది. యాడో కాన్పు కష్టమైంది. డ్రైవరు తప్ప బండిలో ఎవరూ లేరు. రామసుబ్బమ్మ మందుల సంచి అందుకుంది. ఎక్కబోతా ఆగి, బుక్కు తెరిచి నిజం రాసింది:

"డ్యూటీ యేసురత్నంది. చేస్తాండేది రామసుబ్బమ్మ."